పనికి తగిన పలక



మన యిండ్లలో అక్షరాభ్యాసమునాడు పిల్లవాని చేతికిచ్చు మొదటి వస్తువు పలక. మన తండ్రుల కాలమున మార్కాపురపు రాతిపలకలు దూరదూరపు బడులకు పోయెడివి. అట్టి పలకను కొనునప్పుడు తండ్రి రెండే ప్రశ్నలు వేసెడివాడు. బలపము చక్కగా పడునా? చట్రము ఊడకుండునా? పలక వెల పొరుగువానికి చెప్పుకొనుటకై పలకను కొన్నవాడు లేడు. నేడు ఆ పలక స్థానమున వెలుగుచుండు గాజుపలక వచ్చినది. లోకము దానిని ట్యాబ్లెట్ అనుచున్నది. మన పిల్లలు ట్యాబ్ అనుచున్నారు. పలకతోపాటు తండ్రి ప్రశ్నలును మారినవి. "దీనితో మనకేమి పని?" అను ప్రశ్న పోయినది. "ఎదురింటివారు ఏది కొనిరి?" అను ప్రశ్న వచ్చినది. ఈ రెండవ ప్రశ్నను మన యిండ్లనుండియు, మన సంఘమునుండియు వెడలగొట్టవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

సంఘము పేరు ఎత్తుటకు కారణము కలదు. పిల్లలకు జరుపు తెలుగు వ్యాసరచన పోటీలో ప్రథమ బహుమానముగా, అంగడిలో దొరకు ట్యాబులలోకెల్ల విలువైనదానిని ఈయవలెనని మన సభ్యులు కొందరు తలపెట్టియున్నారు. వారి మనస్సు మంచిది. తెలుగునకు గౌరవము కలుగవలెననియే వారి కోరిక. ఆ కోరికను నేను శిరసావహింతును. వారు చూపిన మార్గమును మాత్రము ఖండింపక తప్పదు. ఒక్క బాలునికి అగ్రరకపు ట్యాబు నిచ్చు ధనముతో ఏడుగురు పిల్లలకు మధ్యరకపు ట్యాబులు రాగలవు. ఆ యేడును మన పిల్లల అవసరమునకు చాలును. ఈ మాట ఎట్లు నిలుచునో లెక్కతో చూపెదను.

నేను గుమాస్తాగా బ్రదుకు గడపినవాడను. పెద్ద చదువులు చదివినవాడను కాను. అయినను గుమాస్తాగిరి ఒక్క విద్య నేర్పినది. కార్యాలయమున ఒక బీరువా కావలెనన్నను, ఒక రీము కాగితము కావలెనన్నను, ముందుగా ఇండెంటు వ్రాయవలెను. అందు వస్తువు పేరుతోపాటు దేనికొరకు, ఎన్ని, ఇప్పుడు నిలువలో ఉన్నదెంత అను గళ్ళుండును. ఆ గళ్ళు నింపనిదే పై అధికారి సంతకము పెట్టడు. ఈ ఇండెంటు పద్ధతిని ఇంటి కొనుగోళ్ళకు తెచ్చుకొన్నచో అప్పులలో సగము పుట్టకముందే చచ్చును. కనుక, అంగడికి పోవుటకు ముందు మన ధర్మపురి తెలుగు ఇంటి ఇండెంటు నొకదానిని వ్రాసి చూతము.

దేనికొరకు? బాలుడు బడిపాఠములు చూచుటకు, ప్రశ్నపత్రములు తెరచుటకు. తల్లి బంధువులతో ముఖాముఖి మాటలాడుటకు, వంటలు చూచుటకు. తాత వార్తాపత్రిక చదువుటకు, అవ్వ హరికథ, భజన వినుటకు. సాయంకాలమున అందరును కలసి ఒక సినిమా చూచుటకు. వీనికి నేనింకొకటి చేర్చుచున్నాను: ఇంటిల్లిపాదియు తెలుగు పుస్తకము చదువుటకు. ఈ కడపటిదానికొరకే సంఘము ట్యాబు నీయదలచినది గదా! ఈ పనులలో మధ్యరకపు ట్యాబు చేయలేనిది ఒక్కటియు లేదు.

తెలుగు చదువు సంగతియే మొదట చూతము. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకమున పుటపుటకు బొమ్మ తీసి భద్రపరచిన పాత తెలుగు గ్రంథములు వేలకొలదిగా నేడు అంతర్జాలమున ఇంటర్నెట్ ఆర్కైవ్ భాండారములో ఉచితముగా లభించుచున్నవి. శబ్దరత్నాకరము, బ్రౌను నిఘంటువు మొదలగువానిని ఆంధ్రభారతియందు మాట వ్రాసి వెదకుకొనవచ్చును. మన తాతలు చూడనైనను నోచుకొనని గ్రంథాలయము మన అరచేతికి వచ్చినది. దానికి కావలసినదేమి? వేగముగల యంత్రము కాదు. పుట నిండుగా కనబడు తెర.

తెర లెక్క వినుడు. మన పుస్తకములు పెక్కు డెమ్మీ 1/8 సైజున అచ్చుపడినవి. పుట సుమారు ఎనిమిదిన్నర అంగుళముల పొడవు, అయిదున్నర అంగుళముల వెడల్పు. 11 అంగుళముల ట్యాబు అనగా మూలనుండి మూలకు 11 అంగుళములు. సామాన్యమైన 16:10 పాళ్ళ తెరయైనచో అది 9.3 అంగుళముల పొడవు, 5.8 అంగుళముల వెడల్పు ఉండును. అనగా డెమ్మీ పుట తన అసలు కొలతతోనే దానిలో ఇముడును. 8.7 అంగుళముల చిన్న ట్యాబు వెడల్పు నాలుగున్నర అంగుళములే. పుట అయిదింట నాలుగు వంతులకు కుదించుకొనిపోవును. ఒత్తులు, వట్రసుడులు గల మన లిపి అట్లు కుదించినచో ముసలి కన్నులకు చీమలబారు వలె కనబడును. తెరపై చుక్కలు 1920 అడ్డు, 1200 నిలువు ఉన్నచో అంగుళమునకు 206 చుక్కలు పడును. పొల్లు, సున్న స్పష్టముగా తెలియును. ఇట్టి తెర మధ్యరకమునందే దొరకుచున్నది. అగ్రరకపు తెరలో చుక్కలు ఇంకను హెచ్చు, నిజమే. కాని చదువునది పాత పుస్తకపు బొమ్మయైనప్పుడు, బొమ్మలో లేని స్పష్టతను ఏ తెరయు తెచ్చి పెట్టలేదు.

ఇక నిలువ సంగతి. ఒక్కొక్క గ్రంథము 30 ఎం.బి. అనుకొన్నను, వేయి గ్రంథములకు 30 జి.బి. చాలును. 128 జి.బి. గల మధ్యరకపు ట్యాబులో వేయి గ్రంథములు, పిల్లవాని పాఠములు, అవ్వ భజనలు అన్నియు చేరియు చోటు మిగులును. చాలనిచో మెమరీ కార్డు వేసికొనుటకు అనేక మధ్యరకపు ట్యాబులలో గాడి యున్నది. ఐప్యాడు ఎంత ఖరీదైనదైనను అందు ఆ గాడియే లేదు. ఎక్కువ నిలువ కావలెనన్న మొదటనే ఎక్కువ వెల చెల్లింపవలెను.

ఇప్పుడు వెలలు. మధ్యరకపు ట్యాబు సుమారు 20 వేల రూపాయలకు వచ్చును. 2024లో ఆపిల్ కంపెనీవారు విడుదల చేసిన 11 అంగుళముల ఐప్యాడ్ ప్రో మన దేశమున 99,900 రూపాయలనుండి మొదలైనది. దానికి తగిన కీబోర్డు 29,900. వ్రాతకు పెన్సిలు 11,900. మూడును కలిపి 1,41,700 రూపాయలు. పెన్సిలు, కీబోర్డు లేనిదే ఆ యంత్రము గొప్పతనము సగము బయటపడదని అంగడివారే చెప్పుదురు. కావున బహుమానముగా ఇచ్చువారు మూడును ఈయవలెను. లేదా బాలుని తండ్రి నెత్తిన మిగిలిన 41,800 రూపాయలు పెట్టవలెను. ఈ ధనమును 20 వేలచొప్పున భాగించి చూడుడు. ఏడు ట్యాబులు వచ్చి, చేతిలో 1,700 రూపాయలు మిగులును.

అగ్రరకమును నేను నిందించుటలేదు. దానికి యోగ్యులు కలరు. వాస్తుశిల్పము చదువుచు దినమెల్ల పటములు గీయు విద్యార్థిని, చిత్రకళతో జీవించువాడు, చలనచిత్రములు కూర్చువాడు, కంప్యూటరుకు బదులుగా దానిమీదనే ఉద్యోగము చేయువాడు, వీరికి వ్రేలివత్తిడిని కనిపెట్టు పెన్సిలును, వేగముగల యంత్రమును అన్నము పెట్టు పనిముట్లు. వడ్రంగి మంచి ఉలి కొన్నచో దుబారా యనము. ఉలి పట్టనివాడు వెండిపిడి ఉలి కొని అద్దాల బీరువాలో పెట్టినచో మాత్రము నవ్వకుండ నుండలేము. మన యిండ్లలో లక్షరూపాయల ట్యాబు చేయు పని ఏమనగా, అన్నము తినని పసివానికి బొమ్మలు చూపుట. పిచ్చుకపై బ్రహ్మాస్త్రమనగా ఇదియే గదా!

ఈ మాటలు పలుకగానే మిత్రులు కొన్ని ఆక్షేపణలు తెత్తురు. ఒక్కొక్కదానికి సమాధానము చెప్పెదను.

మొదటి ఆక్షేపణ: "ఖరీదైన వస్తువు చిరకాలము మన్నును." ఇది పూర్తిగ నిజమును కాదు, పూర్తిగ అబద్ధమును కాదు. మొదటి ఐప్యాడు 2011 జనవరిలో మన దేశమున అమ్మకమునకు వచ్చినది; ఆరంభపు వెల 27,900 రూపాయలు. 2012 సెప్టెంబరులో కంపెనీవారు కొత్త సాఫ్ట్‌వేరు విడుదల చేసినపుడు ఆ మొదటి ఐప్యాడునకు అది లేదనిరి. ఇక్కడ కొన్నవానికి ఇరువది నెలలైనను నిండలేదు. మరి 2014లో వచ్చిన ఐప్యాడ్ ఎయిర్ 2 అనునది 2021నాటి సాఫ్ట్‌వేరు వరకును పొందినది. కావున మన్నిక వెలలో లేదు. కంపెనీవారు ఎన్నేండ్లు సవరణలు పంపుదురను మాటలో ఉన్నది. అగ్రరకమునకు నేడు ఆ గడువు ఎక్కువయే, ఒప్పుకొందును. అయినను గుమాస్తా లెక్క వేయుదము. లక్ష రూపాయల ట్యాబు ఏడేండ్లు మన్నినచో ఏటికి 14 వేల పైచిలుకు. 20 వేల ట్యాబు నాలుగేండ్లే మన్నినచో ఏటికి 5 వేలు. ఏడేండ్లలో మధ్యరకమును రెండుమారులు కొన్నను 40 వేలే! అదియుగాక, పిల్లల చేతిలోని వస్తువు సాఫ్ట్‌వేరు ముదిసి చచ్చుట అరుదు. మెట్లమీదనుండి జారి చచ్చుట మెండు. గాజు పగిలిననాడు అగ్రరకపు తెర మార్చు ఖర్చుతో మధ్యరకపు కొత్త ట్యాబే రావచ్చును. దానికై సేలము పోవలెనా, బెంగుళూరు పోవలెనా యన్నది కొనుటకు ముందే అడిగి తెలిసికొనవలసిన సంగతి.

రెండవ ఆక్షేపణ: "పెద్ద కంపెనీ వస్తువైనచో మన తెలుగు చక్కగా కనబడును." ఈ నమ్మకమునకు 2018 ఫిబ్రవరి మాసమే సమాధానము. ఆ నెల ఆపిల్ కంపెనీవారి ఫోనులు, ఐప్యాడులు, కంప్యూటరులు ఒక్క తెలుగు అక్షరమును చూచి కుప్పకూలినవి. ఆ యక్షరమేది? జకారమునకు ఞకారపు ఒత్తు, దానికి దీర్ఘము, నడుమ కంటికి కనబడని ఒక గుర్తు. అనగా "జ్ఞానము" అను మాటకు మొదటి యక్షరము వంటిది! ఎవరైన ఆ యక్షరమును సందేశముగా పంపినంతనే చదువబోయిన యాప్ మూతపడెడిది. లోకమంతటి పత్రికలు తెలుగు అక్షరము పేరు ఆనాడు వ్రాసినవి. ఫిబ్రవరి 19వ తేదీన కంపెనీవారు 11.2.6 అను సవరణను పంపి ఆ లోపమును తీర్చిరి. నేడు ఆ చిక్కు లేదు. వారి వస్తువులలో తెలుగు చక్కగనే కనబడుచున్నది. అయినను ఆ సంగతి మరువరాదు. మన లిపికి వెల హామీ కాదు. హామీ మన చేతిపరీక్షయే. అంగడిలో నిలుచుండి, కొనబోవు ట్యాబు మీద "రాష్ట్రము, లక్ష్మి, జ్ఞానము, కార్త్స్న్యము" అను నాలుగు మాటలు వ్రాసి చూడుడు. ఒక పాత పుస్తకపు పుట తెరచి, అవ్వ చేతికిచ్చి, కన్నులద్దములతో చదివింపుడు. అవ్వ చదువగలిగినచో ఆ ట్యాబు గెలిచినట్లే.

మూడవ ఆక్షేపణ: "అట్లయినచో అన్నిటికంటె చౌకదియే కొనరాదా?" కొనరాదు. చౌకకును ఒక హద్దు కలదు. దీనికి నిదర్శనము మన తెలుగుగడ్డమీదనే జరిగినది. 2011 అక్టోబరు 5వ తేదీన కేంద్రప్రభుత్వము విద్యార్థులకొరకు "ఆకాశ్" అను ట్యాబును ఢిల్లీలో ఆవిష్కరించినది. డేటావిండ్ కంపెనీవారి ఈ వస్తువును హైదరాబాదులో కూర్చిరి. ప్రభుత్వము చెల్లించిన వెల సుమారు 2,250 రూపాయలు. ప్రపంచములోకెల్ల చౌకయైన ట్యాబని పేరు మ్రోగినది. కాని దాని యంత్రపు వేగము 366 మెగాహెర్ట్జులు. పనిచోటు 256 ఎం.బి.; తెర గోటితో గట్టిగా నొక్కిన గాని పలుకదు. పిల్లలు విసిగిరి. మరుసటి యేడు నవంబరులో తెరను, వేగమును మార్చి "ఆకాశ్ 2" తేవలసివచ్చినది. చౌకయను ఒక్క గుణముతో పలక పనికిరాదు. నేడును అంగడిలో పేరులేని ట్యాబులు ఏడెనిమిది వేలకు దొరకును. వానిలో కొన్ని సినిమాలను మసకగా తప్ప చూపవు. కొన్నిటికి భద్రతా సవరణలే రావు. బ్యాంకు పని చేసికొనువాడు వానిని నమ్మరాదు.

కావున నేను చెప్పు మధ్యరకమునకు కనీసపు కొలతలు ఇవి. తెర 11 అంగుళములకు దగ్గరగా, 1920 చుక్కలకు తగ్గక ఉండవలెను. ర్యామ్ 6 జి.బి. యైన మేలు, 4 కంటె తగ్గరాదు. నిలువ 128 జి.బి. బ్యాటరీ 7000 కు అటునిటు. కార్డు గాడి కావలెను. కంపెనీవారు ఎన్నేండ్లు సవరణలు పంపుదురో అంగడివాని నోటిమాటగా గాక కంపెనీ ప్రకటనలో చూడవలెను. బాగుచేయు చోటు దగ్గర నుండవలెను. ఇంట వై-ఫై ఉన్నచో సిమ్ గల ట్యాబునకు అదనపు వెల ఈయనక్కరలేదు. ఇంతకంటె తక్కువైనచో చౌకబారు. దీనికి మించిన ప్రతి వెయ్యికి ఇండెంటులో ఒక కారణము చూపవలెను.

నాలుగవ ఆక్షేపణ: "ఒక్కసారిగా చెల్లింపనక్కరలేదు; వడ్డీలేని వాయిదాలున్నవి." వడ్డీలేని అప్పు ఇచ్చు ధర్మాత్ముడు వర్తకములో ఎక్కడ నున్నాడు? 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకువారు బ్యాంకులకు వ్రాసిన ఉత్తరువులో, సున్న వడ్డీ అనునదే లేదని స్పష్టముగా చెప్పిరి. నేడు జరుగునదేమనగా, వడ్డీకి సరిపడు మొత్తమును ముందుగా వెలలో తగ్గించినట్లు చూపి, పిమ్మట వడ్డీగా రాబట్టుదురు. రొక్కమిచ్చువాడు అడిగి తీసికొనగల తగ్గింపును వాయిదాలవాడు పోగొట్టుకొనును. క్రెడిట్ కార్డు వాయిదాలైనచో ఆ వడ్డీ భాగముపై 18 శాతము జి.ఎస్.టి.యు పడును. అప్పు చేసి పప్పుకూడు తినరాదని తెలిసిన జాతి, అప్పు చేసి గాజుపలక కొనుట ఏమి వింత!

అయిదవ ఆక్షేపణ అన్నిటికంటె బలమైనది: "బహుమానమనగా ఘనముగా నుండవలెను. చిన్న వస్తువు నిచ్చినచో తెలుగునకే చిన్నతనము." ఈ మాట పలుకువారికి మన యూరి కథయే చెప్పుదును. మన ధర్మపురికి పూర్వనామము తగడూరు. ఆ తగడూరు నేలిన అదియమానునికి ఆయుర్వృద్ధి నిచ్చు అరుదైన ఉసిరికాయ దొరకినదనియు, దానిని తాను తినక అవ్వైయారునకు ఇచ్చెననియు తమిళులు రెండువేల యేండ్లుగా చెప్పుకొనుచున్నారు. ఏల ఇచ్చెను? తాను బ్రదుకుటకంటె ఆమె బ్రదికినచో లోకమునకు ఉపయోగమని. చూడుడు, ఇచ్చినది ఉసిరికాయ, రత్నహారము కాదు. దాని విలువను నిర్ణయించినది ఎవరి చేత అది ఏమి పని చేయునను విచారణయే. ఆ నేల నీరు త్రాగుచున్న మనము దానపు ఘనతను వెలచీటి చూచి కొలుచుట తగునా?

పలక ఎంత మంచిదైనను పలకయే పాఠము చెప్పదనుటకు ఆంధ్రప్రదేశమున జరిగిన ఒక సంగతి చాలును. 2022 డిసెంబరు 21వ తేదీన అచ్చటి ప్రభుత్వము ఎనిమిదవ తరగతి పిల్లలకును, వారి ఉపాధ్యాయులకును కలిపి 5,18,740 ట్యాబుల పంపిణీ మొదలిడినది. వ్యయము సుమారు 686 కోట్లు. అనగా ఒక్కొక్కటి 13 వేల పైచిలుకు. అంత పెద్ద పథకమునకును అగ్రరకము అవసరము రాలేదు, సామాన్యమైనదే చాలినది. అందలి పాఠములు బైజూస్ కంపెనీవారివి. ఆ కంపెనీ 2024 జూలైలో దివాలా విచారణకు లోనైనది. పాఠములు కూర్చినవారే చిక్కులలో పడినపుడు పిల్లవానికి దిక్కు ఎవరు? ప్రక్కన కూర్చుండి చదివించు మనిషి. పలకకై వ్యయమంతయు చేసి, పలుకు నేర్పువానికై పైసా మిగుల్చుకొననివాడు తేరు కట్టి త్రాడు మరచినవాడు.

ఈ మాట తెలుగువారమైన మనకు తక్కినవారికంటె ఎక్కువగా తగులును. 2006లో తమిళనాడు తమిళ అభ్యసన చట్టము వచ్చినది. 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటేట ఒక్కొక్క తరగతి పెరుగుచు, 2015-16 నాటికి పదవ తరగతివరకు తమిళము నిర్బంధ పాఠ్యమైనది. తమిళము నేర్చుట మనకు కీడు కాదు. ఈ నేల పంట తినుచు ఈ నేల పలుకు రాదనుట కృతఘ్నత. మనవారు తరతరములుగా రెండు భాషలను రెండు కన్నులుగా చూచుకొనుచున్నారు. కాని బడిలో తెలుగునకు చోటు తగ్గినకొలది ఇంటిలో చోటు పెంచవలెను గదా! 2011 జనాభా లెక్కలలో ఈ రాష్ట్రమున తెలుగు మాతృభాషయని వ్రాయించినవారు 42 లక్షలకు పైబడిరి. వారి పిల్లలలో ఎందరు తెలుగు చదువగలరు? లెక్క నాకక్కరలేదు, మన వీధిలో చూచినచో చాలును. పెండ్లిపత్రిక తెలుగున అచ్చు వేయించి, దానిని చదువలేని పెండ్లికొడుకును పీటలమీద కూర్చుండబెట్టుచున్నాము. అట్టి బాలుని చేతిలో లక్షరూపాయల ట్యాబున్ననేమి, లేకున్ననేమి? వేయి తెలుగు గ్రంథములు అందులో నిదురించుచుండగా, అతడు చీకటిలో అద్దము పట్టుకొన్నవానితో సమానుడు.

కావున సంఘమువారికి నా విన్నపము ఇది. ప్రథమ బహుమానమునకు తలపెట్టిన ధనమును మూడు భాగములు చేయుడు. ఒక భాగముతో రెండు మధ్యరకపు ట్యాబులు కొని, ప్రథమ ద్వితీయ స్థానములు పొందినవారికి ఒక్కొక్కటి ఈయుడు. ఇచ్చుటకు ముందే ఏబది మంచి తెలుగు పుస్తకములు, నిఘంటువు, తెలుగు కీబోర్డు అందులో అమర్చి ఈయుడు. ఇంకొక భాగముతో రెండు ట్యాబులు కొని, స్టాకు రిజిస్టరులో వ్రాసి, ఇండ్లలో ట్యాబు లేని పిల్లలకు పదునైదు దినములకు అరువిచ్చుడు. గ్రంథాలయపు పుస్తకము వలె తీసికొనుడు, తిరిగి ఈయుడు. మూడవ భాగము, అనగా సుమారు 47 వేలు, శని ఆదివారములలో తెలుగు చదువు వ్రాత నేర్పు పంతులుగారికో పంతులమ్మగారికో పారితోషికముగా కేటాయింపుడు. నెలకు నాలుగువేలచొప్పున అది పదునొకండు నెలలకు పైగా వచ్చును. ఒక బాలుని ఇంట ఒక్కదినము మెరసి పోవు బహుమానము ఏడాది పొడుగున వెలుగు దీపమగును.

ఇండ్లవారికి నా విన్నపము వేరు. ట్యాబు కొనవలెనని తోచిననాడు ఒక కాగితము తీసికొనుడు. దానిమీద ఎవరు, ఏ పనికి, దినమునకు ఎంతసేపు వాడుదురో వ్రాయుడు. ఇంట నున్న ఫోను ఆ పని చేయునా యని చూడుడు. చేసినచో ట్యాబే అక్కరలేదు. చేయనిచో మధ్యరకము చాలునా యని చూడుడు. చాలదని తేలినచో, మీ అమ్మాయి నిజముగా పటములు గీయునదైనచో, సంకోచము లేక అగ్రరకము కొనుడు. నేనే వచ్చి అంగడివరకు తోడుగా నడిచెదను. పులిని చూచి నక్క వాత పెట్టుకొన్నట్లు, ఎదురింటివారి కొరకు మాత్రము కొనకుడు. ఎదురింటివారు మన వాయిదాలు కట్టరు.

కొందరు, "ఈ ముసలివానికి కొనుటకు శక్తి లేక పలుకుచున్నాడు, అందని ద్రాక్షపండ్లు పుల్లన" అని నవ్వవచ్చును. నవ్వుడు, నాకు కోపము లేదు. శక్తి యున్నవాడు మితముగా కొన్నచో అతనిని చూచి శక్తి లేనివాడు అప్పు చేయకుండును. ఒక సంఘముగా బ్రదుకువారికి ఇది చిన్న ఉపకారము కాదు. మనము ఈ యూర కొద్దిమందిమి. ఒకరి ఇంటి కొనుగోలు పది యిండ్ల కోరికయగును. ఆ కోరిక తెలుగు చదువువైపు మళ్ళవలెనో, గాజు తళుకువైపు మళ్ళవలెనో పెద్దలైన మీరే నిర్ణయింపుడు.

రాబోవు కార్యవర్గ సమావేశమున ఈ విషయము చర్చకు వచ్చునపుడు నా ఇండెంటును మీ ముందుంచెదను. అందు "దేనికొరకు" అను గడిలో ఒక్కటే మాట వ్రాసియున్నాను: తెలుగు చదువుటకు. వెల గడి ఖాళీగా విడిచితిని. మొదటి గడి చదివిన పిమ్మట రెండవ గడి మీరే నింపుడు.